ఈశాన్యంలో మాడ్యూలు

గోదావరి గట్టున ఉన్న నదీమట్టాల ముందస్తు హెచ్చరికల సంచాలక కార్యాలయానికి గోదావరి వల్ల ఎన్నడూ ఏ ఇబ్బందీ కలగలేదు. వచ్చిన ఇబ్బందులన్నీ వాస్తు వల్ల వచ్చినవే.

సంచాలకులు చిదంబరేశ్వరరావు గారికి రావలసిన ప్రమోషను రాలేదు. తన తరవాత చేరినవాళ్ళు తన పైన కూర్చుని తనకే మెమోలు పంపిస్తుంటే, లోపం తనలో ఉందేమో అన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు. అందుచేత లోపం భవనంలో ఉందని తేలింది. వాస్తు పండితులు ప్రభాకర సిద్ధాంతి గారు వచ్చి, దక్షిణపు గుమ్మం చూసి, కళ్ళు మూసి తెరిచి, "ఇందులోంచి ఇన్నాళ్ళూ లోపలికొచ్చి కూడా బతికున్నారంటే అది మీ అమ్మగారు నోచిన నోముల ఫలం" అన్నారు.

మర్నాడే దక్షిణపు గుమ్మం మూసేసి తూర్పున కొత్త గుమ్మం కొట్టించారు. తూర్పు గోడను ఆనుకుని కొబ్బరికాయల డిపో ఉంది. అప్పటినుంచి ఉద్యోగులందరూ డిపోలోంచి దూరి, బట్టలకంటిన పీచు దులుపుకుంటూ ఆఫీసుకు వస్తున్నారు. మరుగుదొడ్డి వాయవ్యానికి వెళ్ళింది. నీళ్ళ గొట్టం దాని వెంట వెళ్ళలేదు. డైరెక్టరు గారి కుర్చీని ఉత్తరానికి తిప్పారు. ఉత్తరాన గోడ ఉంది. ఆయన ఆ గోడకేసి చూస్తూ, వెనక్కి చెయ్యి చాపి ఫైళ్ళు అందుకుంటూ, ఆర్నెల్ల పాటు పాలన సాగించారు. ప్రమోషను మాత్రం రాలేదు.

సిద్ధాంతి గారిని మళ్ళీ పిలిపించారు. ఆయన తడుముకునే మనిషి కాదు. "బయటి ఇల్లు సరిచేశాం. లోపలి ఇల్లు మిగిలిపోయింది" అన్నారు. లోపలి ఇల్లంటే కంప్యూటరు.

ఆ కంప్యూటరు ఇందుమతి చేతిలో ఉంది. ఇందుమతి అక్కడ అసిస్టెంటు ప్రోగ్రామరు. పుట్టి పెరిగింది గువ్వలంకలో, అంటే గోదావరి పాయల మధ్య ఇసుకా అరటితోటలూ గేదెలూ ఉండే లంక ఊళ్ళో. పెంచింది పెద్దమ్మ మంగాయమ్మ. ఒక ఏడాది వరద చెప్పాపెట్టకుండా వచ్చి పెద్దమ్మ పాడిగేదెను కట్టుకొయ్య దగ్గరే ముంచేసింది. పెద్దమ్మ ఇంటి కప్పు మీద కూర్చుని ఆ గేదె అరుపు వింటూ ఉండిపోయింది. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ, ఇందుమతి ముందు ఒకసారి అంది. ఇందుమతి ఈ ఉద్యోగంలో చేరగానే చేసిన మొదటి పని ఒక స్క్రిప్టు రాయడం.

నదిలో మట్టం ఎంతుందో గంటగంటకూ చూసి, ప్రమాదపు గుర్తు దాటిందంటే లంకల్లోని ఫోన్లన్నిటికీ కబురు పంపే స్క్రిప్టు అది. పెర్ల్ అనే పాతకాలపు భాషలో రాసింది. ఆ ఆఫీసు కంప్యూటరుకు అంతకంటే కొత్త భాష తెలియదు. ఎగువన ఇంత నీరుంటే దిగువన ఏ లంకకు ఎప్పుడు చేరుతుందన్న లెక్కను మాత్రం విడిగా ఒక మాడ్యూలుగా రాసి, దానికి నీటినడక అని పేరు పెట్టింది. గుర్తు దాటినప్పుడే స్క్రిప్టు వెళ్ళి ఆ మాడ్యూలును వెతికి తెచ్చుకుంటుంది. మామూలు రోజుల్లో దాని జోలికి పోదు.

ఇక్కడొక మెలిక ఉంది. స్క్రిప్టు ఎక్కడపడితే అక్కడ వెతకదు. దానికి పుట్టుకతో అలవాటైన చోట్లు కొన్ని ఉంటాయి. కొందరు అత్తగార్లు కవ్వం కోసం గూట్లో, ఉట్టి మీద, పొయ్యి వెనక చూసి, అక్కడ లేకపోతే కోడలు పుట్టింటికి చేరవేసిందని తేల్చేస్తారు చూడండి, అలాగన్నమాట. కొత్త చోట పెట్టాలంటే, 'ఫలానా చోట ఉంది చూడు' అని స్క్రిప్టు మొదట్లో ఒక వాక్యం రాసిపెట్టాలి. ఇందుమతి ఆ గొడవ కూడా లేకుండా, దానికి అలవాటైన లోకల్ లిబ్ అనే ఫోల్డరులోనే మాడ్యూలు పెట్టింది. బద్ధకం కొద్దీ ఇంకొక పని కూడా చేసింది: స్క్రిప్టు నోట ఏది వస్తే అది నేరుగా ఫోన్లకు వెళ్ళిపోయేట్టు పెట్టింది. మంచి మాట వచ్చినా సరే, చెడ్డ మాట వచ్చినా సరే.

ఆమె రాసిన హెచ్చరిక ఒక్కటే ముక్క: 'నీళ్ళు వస్తున్నాయి, గట్టెక్కండి.' డైరెక్టరు గారు అందులో శాఖాపరమైన హుందాతనం కొరవడిందని, ముందు నాలుగు వాక్యాలు చేర్పించారు. 'లంక ప్రాంత సోదర సోదరీమణులకు సంచాలకుల వారి హార్దిక శుభాకాంక్షలు' అని మొదలై, శాఖ సాధించిన ప్రగతి మీదుగా నీళ్ళ దగ్గరికి వచ్చేది. ఆ ఏడు నీళ్ళు గుర్తు దాటినప్పుడు ఇందుమతి గాభరాగా ఫోను చేస్తే పెద్దమ్మ ఇంట్లోనే ఉంది.

"మెసేజీ రాలేదా పెద్దమ్మా?"

"వచ్చిందే. ఎదురింటి పిల్ల చదివింది. మీ సారెవరో శుభాకాంక్షలు చెప్పేడంట. బంగారం తాకట్టోళ్ళూ అలాగే చెప్తారు. శుభమే అంటున్నాడు కదా, ఇంక బయమేటని పడుకున్నాం."

అప్పటినుంచి నీళ్ళు పెరిగినప్పుడల్లా పెద్దమ్మకు ఇందుమతి విడిగా ఫోను చేసేది. ఇందుమతి ఫోను చేస్తే పెద్దమ్మ కదిలేది. పెద్దమ్మ గేదెలు కదిలితే లంకంతా కదిలేది.

ఇదీ పరిస్థితి. ఇలాంటి వేళ సిద్ధాంతి గారు వెండి డబ్బాలో దిక్సూచి పెట్టుకుని కంప్యూటరు గదిలోకి అడుగు పెట్టారు. వెనక డైరెక్టరు గారు, ఆయన వెనక సూపరింటెండెంటు త్రిమూర్తులు.

"ఈ ఇంట్లో గదులెన్ని తల్లీ?" అని అడిగారు సిద్ధాంతి గారు.

"గదులు కావండీ, ఫోల్డర్లు."

"పేరేదైతేనేం. లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో కట్టడి ఉందా?"

"ఉందండి."

"అయితే ఇల్లే. ప్లాను గీసి ఇయ్యి."

ఇందుమతి ఒక తెల్లకాగితం తీసుకుని ఫోల్డర్ల చెట్టు గీసింది. మొదలు పైన పెట్టి, కొమ్మలు కిందికి వేసింది. కంప్యూటరు వాళ్ళు అలాగే వేస్తారు. సిద్ధాంతి గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది చెట్టా తల్లీ, గబ్బిలమా?" అని అడిగారు. తరవాత కాగితాన్ని బల్ల మీద పరిచి, మధ్యలో దిక్సూచి పెట్టి, వేలితో గీతలు తడిమారు. 'నీటినడక' అని రాసిన చోట వేలు ఆగింది. కాగితానికి కింద, కుడివైపు.

"ఆగ్నేయం" అన్నారు నెమ్మదిగా. "నీటికి సంబంధించిన వస్తువును తీసుకెళ్ళి అగ్నిమూల పెట్టారు. పొయ్యిలో బిందె దించారు. ఇంక ప్రమోషను ఎక్కణ్ణుంచి వస్తుంది?"

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "ఎవరు పెట్టారిది?" అన్నారు.

"నేనేనండి. అక్కడుంటేనే స్క్రిప్టుకు దొరుకుతుంది" అంది ఇందుమతి.

"దొరకడం ప్రధానం కాదమ్మా. క్షేమం ప్రధానం" అన్నారాయన. "సిద్ధాంతి గారూ, నివారణోపాయం?"

"జలం ఉండవలసింది ఈశాన్యం." వేలు పైకి, కుడివైపుకి జరిగింది. అక్కడ ఖాళీ ఉంది కదా అని ఇందుమతి ఊరికే ఒక ఫోల్డరు గీసి 'టెంప్' అని రాసి ఉంచింది. "ఇదెవరి గది?"

ఇందుమతి ఆ గీతకు చెయ్యి అడ్డం పెట్టింది. "అది గది కాదండీ. ఏ పనికైనా తాత్కాలికంగా పడేసుకునే చోటు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసినప్పుడల్లా అందులో ఉన్నదంతా ఊడ్చేస్తుంది."

సిద్ధాంతి గారి మొహం వెలిగిపోయింది. "చూశారా? ఈశాన్యం నిత్యం ఊడ్చి శుభ్రంగా ఉండాలని శాస్త్రం. మనుషులు మరిచిపోయారు గానీ యంత్రం మరిచిపోలేదు."

ఇందుమతి ఇంకొక కాగితం తీసుకుంది. "అయితే సార్, మాడ్యూలును జరపక్కర్లేదు. ఇదే బొమ్మను ఇంకోలా గీస్తాను. లోకల్ లిబ్‌ను పైకి, కుడివైపుకి వేస్తే అదే ఈశాన్యం అవుతుంది" అంటూ గబగబా గీసి చూపించింది.

అప్పటికే త్రిమూర్తులు మొదటి కాగితం మీద డైరెక్టరు గారి చేత సంతకం చేయించి, గుండ్రని ముద్ర కొట్టి, ఊదుతున్నాడు. "ప్లాను అప్రూవయిపోయిందండి" అన్నాడు వినయంగా.

"అప్రూవైన ప్లాను మారిస్తే అక్రమ నిర్మాణం అవుతుంది" అన్నారు డైరెక్టరు గారు. "ప్లానుకు తగ్గట్టు ఇల్లుండాలి గానీ, ఇంటికి తగ్గట్టు ప్లాను గీస్తారా ఎక్కడైనా?"

ఇంక ప్లాను గురించి వాదిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఇందుమతికి అర్థమైంది. చివరి ప్రయత్నంగా, "పోనీ, ఆ కొత్త చోటు ఎక్కడుందో స్క్రిప్టు మొదట్లో ఒక వాక్యం రాస్తానండి. నేరుగా అక్కడికే వెళ్ళి తెచ్చుకుంటుంది" అంది.

"నేరుగానా?" అన్నారు సిద్ధాంతి గారు ఉలిక్కిపడి. "ఎదురుగా ఉన్న వీధి తిన్నగా వచ్చి మన గుమ్మానికి గుచ్చుకుంటే దాన్నేమంటారు? వీధిపోటు. ఈశాన్యానికి వీధిపోటు పెడతావా తల్లీ?"

ఆ వాక్యం రాయడం నిషేధించారు. సాయంత్రానికల్లా ఉత్తర్వులు వెలువడ్డాయి. 'నీటినడక అను మాడ్యూలు ఆగ్నేయ దిశయందు నివసించుట శాఖ సర్వతోముఖాభివృద్ధికి ప్రతిబంధకముగా పరిణమించినదని నిపుణుల ద్వారా దృష్టికి వచ్చినందున, సదరు మాడ్యూలును ఈశాన్య దిశకు తరలించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. సదరు తరలింపునకు ప్రయాణ భత్యము చెల్లింపబడదు. సదరు మాడ్యూలును స్క్రిప్టు తనంత తానుగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా కనుగొనవలెను.'

ఇందుమతి తరలించింది. తరలించి, ఎవరూ చూడకుండా లోకల్ లిబ్‌లో ఇంకొక ప్రతి ఉంచేసింది. ఇందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. దేవుడి గదిలో దేవుడు ఉంటాడు, వంటింట్లో బియ్యం ఉంటాయి, ఎవరి పని వాళ్ళది అనుకుంది.

మంచి ముహూర్తం చూసి మాడ్యూలుకు గృహప్రవేశం చేశారు. కంప్యూటరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన మామిడాకులు కట్టారు. పాలు పొంగించడానికి గదిలో స్టవ్వు పెడితే పొగకు ఆఫీసంతా దగ్గింది. సిద్ధాంతి గారి సూచన మేరకు డైరెక్టరు గారు తమ స్వహస్తాలతో ఒక దొంగ వరద మట్టం టైపు చేసి, స్క్రిప్టు నడిపించారు. అది అలవాటు ప్రకారం లోకల్ లిబ్‌లో ఉన్న దొంగ ప్రతిని పట్టుకుని, ఫోన్లకు పోయే దారి ఇందుమతి ముందే మూసి ఉంచడంతో, తెర మీద మాత్రం శుభాకాంక్షలతో సహా హెచ్చరిక చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇందుమతి కూడా కొట్టింది.

అక్కణ్ణుంచి ఆఫీసులో అందరికీ ఈశాన్యం పిచ్చి పట్టుకుంది. జీతాల విభాగం వాళ్ళు తమ ప్రోగ్రాములు మాత్రం నైరుతిలో ఎందుకు మగ్గాలని అర్జీ పెట్టుకున్నారు. సెలవుల రికార్డులు, సర్వీసు రికార్డులు, చివరికి టీ బిల్లులు కూడా టెంప్‌లోకి కాపురం వచ్చేశాయి. చోటు ఇరుకైపోతుంటే త్రిమూర్తులుకు ఈశాన్య పరిరక్షణ బాధ్యత అదనంగా అప్పగించారు. కరెంటు పోతే ఊడ్చుకుపోతుందని ఇందుమతి మొత్తుకోగా మొత్తుకోగా, బ్యాటరీ పెట్టె ఒకటి తెప్పించారు. బరువైన వస్తువు కాబట్టి అది నైరుతి మూలకు వెళ్ళింది. అక్కణ్ణుంచి కంప్యూటరుకు తీగ లాగాలంటే గది నడిమధ్య నుంచి లాగాలి. నడిమధ్య బ్రహ్మస్థానం, అక్కడ ఏమీ ఉండకూడదు. అందువల్ల బ్యాటరీ నైరుతిలోనూ, కంప్యూటరు తూర్పులోనూ, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉండిపోయాయి.

శ్రావణం వచ్చింది. ఎగువన వానలు పట్టుకున్నాయి. అదే వారంలో త్రిమూర్తులు ఈశాన్య పరిరక్షణలో భాగంగా మిగతా దిక్కులు కూడా తనిఖీ చేస్తూ, ఆగ్నేయంలో నీటినడక ఇంకా ఉన్నట్టు కనుక్కున్నాడు. కంప్యూటరు విద్యల్లో ఆయనకు క్షుణ్ణంగా వచ్చింది తుడిచేయడం ఒక్కటే. తుడిచేసి, డైరెక్టరు గారికి విన్నవించుకున్నాడు.

ఇందుమతిని పిలిపించారు. "అగ్నిమూల అక్రమ నివాసం ఎవరు ఏర్పాటు చేశారు?" అని అడిగారు డైరెక్టరు గారు, గోడకేసి చూస్తూ.

అబద్ధం చెప్పాలనే ఆమె గదిలోకి వచ్చింది. కానీ కిటికీలోంచి ఎర్రబారుతున్న గోదావరి కనిపించింది. "నేనేనండి. అది తీసేస్తే స్క్రిప్టుకు మాడ్యూలు దొరకదు. గృహప్రవేశం రోజున దొరికింది కూడా ఆ ప్రతే. ఈశాన్యంలో ఉన్నది ఇంతవరకూ ఒక్కసారీ దొరకలేదు" అంది.

త్రిమూర్తులు లెంపలేసుకున్నాడు.

"అంటే," అన్నారు డైరెక్టరు గారు, ఉత్తరానికి తిరిగాక మొదటిసారిగా కుర్చీ ఇటు తిప్పి, "మనం పాలు పొంగించింది ఒకరికి, ఇంట్లో ఉన్నది ఇంకొకరా?"

"అవునండి."

"ఎంత అపచారం, ఎంత అపచారం" అన్నారాయన. ఆ మధ్యాహ్నమే ఇందుమతి కుర్చీ కొబ్బరి డిపోలోకి మారింది. కంప్యూటరు గది తాళం త్రిమూర్తులు మొలతాడుకు చేరింది. మాడ్యూలు ఈశాన్యంలో ఒంటరిగా, శుభప్రదంగా, స్క్రిప్టు ఎన్నడూ తొంగి చూడని చోట ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వాన ఊపందుకుంది. ఒంటిగంటకు కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. కంప్యూటరు ఆగి, లేచి, శాస్త్రోక్తంగా ఈశాన్యాన్ని ఊడ్చేసింది. నీటినడకతో పాటు ఆఫీసులో అందరి జీతాలూ, సెలవులూ, సర్వీసులూ టీ బిల్లులతో సహా పోయాయి. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. డిపోలో కొబ్బరికాయల మధ్య కూర్చున్న ఇందుమతికి మాత్రం దీపం ఆరి వెలగగానే తెలిసింది. ఆమె సంచీలో ఒక పెన్‌డ్రైవు ఉంది, అందులో మాడ్యూలు ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు; ఆమెకు పిల్ల చంకలోనే ఉంది, ఇంట్లోకి రానివ్వడం లేదంతే.

ఆమె కంప్యూటరు గది దగ్గరకు పరిగెత్తింది. త్రిమూర్తులు గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"తాళం తియ్యండి త్రిమూర్తులు గారూ. నీళ్ళు గుర్తు దగ్గరకు వచ్చేశాయి. ఒక్క నిమిషం పని."

"ఆయ్, తప్పకుండానండి. కాపోతే ఇప్పుడు వర్జ్యమండి. మూడింటి దాకా ఉందండి. వర్జ్యంలో ఈశాన్యం గది తెరిస్తే నా ఉద్యోగం ఊడుద్దండి."

"లంకల్లో జనం ఉన్నారండీ."

"నాకూ బాధగానే ఉందమ్మా" అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. ఇందుమతి గంటసేపు బతిమాలినా తాళం మాత్రం తియ్యలేదు.

పెద్దమ్మకు ఫోను చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఎదురింటి పిల్లకు చేసింది. వానకు లైను కలవడం లేదు. ఇందుమతికి ఏడుపు వచ్చింది. కప్పు మీద కూర్చుని పెద్దమ్మ విన్న ఆ గేదె అరుపు తన చెవిలోనే వినిపించినట్టయింది. ఎవరికోసం ఈ ఉద్యోగంలో చేరిందో వాళ్ళనే ముంచేసి, తను పసుపు రాసిన కంప్యూటరు ముందు చప్పట్లు కొట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో పట్టుకుని రేవు దగ్గరి గట్టుకు బయలుదేరింది.

గట్టు మీద అడుగు పెట్టడానికి చోటు లేదు. గేదెలు, మేకలు, మంచాలు, కోళ్ళ గంపలు, ట్రంకు పెట్టెలు, గొడుగుల కింద ముసలివాళ్ళు. గువ్వలంక మొత్తం అక్కడే ఉంది. ఏ వరదకూ తడవని మెరక లంకల వాళ్ళు కూడా వచ్చి, ఎందుకొచ్చామో తెలియక తిట్టుకుంటూ కూర్చున్నారు. వాళ్ళందరికీ మధ్యలో మంగాయమ్మ, తల మీద యూరియా సంచి కప్పుకుని, తన గేదెలకు ఎండుగడ్డి వేస్తోంది.

ఇందుమతి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది.

"ఏటే, చెప్పులేవి?" అంది పెద్దమ్మ. "తడిసిపోయేవు. ఇలా రా."

"ఎలా వచ్చేశారు పెద్దమ్మా? ఫోను కలవలేదు కదా."

"నీ మెసేజీ వచ్చింది కదే. దాని తరవాతే ఫోన్లు సచ్చేయి." ఎదురింటి పిల్ల చేతిలోంచి ఫోను తీసి ఇచ్చింది.

ఇందుమతి చూసింది. కరెంటు వచ్చిన కాసేపటికే నీళ్ళు గుర్తు దాటాయి. స్క్రిప్టు లేచి నీటినడక కోసం వెళ్ళింది. అలవాటైన చోట్లన్నీ వెతికింది. దొరకలేదు. దొరకనప్పుడు పెర్ల్ ఏం చేస్తుందో అదే చేసింది: ఫలానాది దొరకలేదు, ఫలానా చోట్లలో వెతికాను అని ఆ చోట్లన్నిటి పేర్లూ ఏకరువు పెట్టి, ఇంక నా వల్ల కాదని పడిపోయింది. దాని నోట వచ్చిన మాట వచ్చినట్టే ప్రతి లంకలో ప్రతి ఫోనుకూ వెళ్ళింది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, ఏటవాలు గీతలు, చుక్కలు. చివర్న ఒక అంకె.

"దీన్ని చూసి వచ్చేశారా?" అంది ఇందుమతి. "ఏం అర్థమైంది పెద్దమ్మా ఇందులో?"

"ఏమీ అవలేదు. అందుకే వచ్చేం" అంది మంగాయమ్మ. "గవర్నమెంటోళ్ళు మనకి తెలిసే బాసలో రాసేరంటే శుభాకాంక్షలే, ఏమీ ఉండదు. భూములు లాక్కున్నప్పుడు నోటీసు ఎలా వచ్చింది? ఇలాగే, ఒక్క ముక్క తెలీకుండా. మీ పెదనాన్నకి ఆస్పత్రిలో చీటీ ఎలా రాసేరు? ఇలాగే. ఈ గీతలు చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంక కొంప మునిగిందే అనుకుని గేదెల్ని విప్పేసేను."

కింద గువ్వలంక అరటితోటల్లోకి నీళ్ళు ఎక్కుతున్నాయి. ఇందుమతి పెద్దమ్మ పక్కనే ఆ తడి గడ్డిలో కూలబడి, చాలాసేపు నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. పెద్దమ్మ ఆ యూరియా సంచి తీసి ఆమె తల మీద కప్పింది.

లంకల్లో ఒక్క ప్రాణానికీ, ఒక్క గేదెకూ నష్టం లేదన్న వార్త రాజధానికి చేరింది. డైరెక్టరు గారిని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆయన తమ ఉపన్యాసంలో, హెచ్చరిక ఫలించిన క్షణాన ఈశాన్యంలో చీపురుపుల్ల కూడా లేదని, శాస్త్రం కోరేదీ అదేనని, మాడ్యూలు అక్కడ ఉండడం కన్నా లేకపోవడమే ఉత్తమమని తాము గ్రహించామని సెలవిచ్చారు. వారం తిరక్కుండా ప్రమోషను వచ్చింది. ఆయన రాజధానికి వెళ్ళిపోయారు, సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని. వెళ్ళేముందు ఉత్తర్వులు ఇచ్చి వెళ్ళారు: 'నీటినడక మాడ్యూలు ఇకమీదట ఎన్నడూ, ఎవరికీ, ఏ పరిస్థితిలోనూ దొరకరాదు.' జీతాలు పోయినవాళ్ళు మాత్రం ఆ నెలంతా కొబ్బరి డిపోలో అప్పు పెట్టుకు తిన్నారు.

కంప్యూటరు ఇందుమతి చేతికి తిరిగి వచ్చింది. ఆమె చేసిన మొదటి పని పెన్‌డ్రైవు తీసి, మాడ్యూలును లోకల్ లిబ్‌లో, దాని పాత చోట పెట్టడం. డైరెక్టరు గారి శుభాకాంక్షలు కూడా కొట్టేసింది. నీళ్ళు వస్తున్నాయి, గట్టెక్కండి. అంతే. తృప్తిగా పెద్దమ్మకు ఫోను చేసి, ఈసారి నుంచి చక్కగా తెలుగులో వస్తుందని చెప్పింది.

అవతల గేదె మెడలో గంట మోగింది.

"అలా చెయ్యకే తల్లీ" అంది పెద్దమ్మ. "తెలుగులో వస్తే ఎవరూ లేవరు. నేను లెగుస్తాను, నువ్వు పంపేవని. నేను లేని రోజునో?"

ఇందుమతి ఆ మాట గురించి రెండు రోజులు ఆలోచించింది. తరవాత కూర్చుని మాడ్యూలు తిరగరాసింది. నీళ్ళు ఏ లంకకు ఎప్పుడు చేరతాయో అది ఇప్పుడు ఇదివరకటి కంటే సరిగ్గా లెక్క కడుతుంది. సరిగ్గా ఆ లంకలకే, సరిగ్గా ఆ వేళకే కబురు పంపిస్తుంది. మెరక లంకల వాళ్ళు ఊరికే తడవక్కర్లేదు. కబురులో మాత్రం, మునుపటి ఇంగ్లీషు గీతల్లోనే, తను దొరకలేదని, ఫలానా ఫలానా చోట్ల వెతికి విసిగిపోయామని ఉంటుంది. ఉన్న చోటే ఉండి, నేను లేను మొర్రో అని అరిచే మాడ్యూలును రాస్తుంటే ఆమెకు సిగ్గు వేసింది. చదువుకున్నదన్న అభిమానం ఇంకా కాస్త మిగిలి ఉండబట్టి, ఆ గీతలన్నిటి చివరా ఒక తెలుగు ముక్క చేర్చింది: 'గేదెల్ని విప్పండి.'

భాద్రపదంలో చిన్న వరద వచ్చింది. సాయంత్రం పెద్దమ్మే గట్టు మీద నుంచి ఫోను చేసింది.

"అందరం వచ్చేసేం అమ్మాయ్. మెసేజీ వేళకి వచ్చింది. భలే బయంగా ఉంది, అంతా బాగుంది. కాపోతే చివర్న ఓ ముక్క తెలుగులో వేసేవంట కదా. అది చదివి సుబ్బయ్యమ్మ ఇంటోళ్ళు, అర్థమవుతోంది కదా, పర్లేదులే అని మళ్ళీ పొయ్యి మీద ఎసరు పెట్టుకున్నారు. జుట్టు పట్టుకుని లాక్కొచ్చేసరికి తాతలు దిగొచ్చేరు. ఆ ముక్క తీసెయ్యి."

ఇందుమతి ఫోను పెట్టేసి ఆ ముక్క తీసేసింది. ఇప్పుడు ఆ హెచ్చరికలో లంక జనానికి అర్థమయ్యే మాట ఒక్కటి కూడా లేదు. లంకల్లో అందరూ క్షేమంగా ఉన్నారు.